పక్కటెముకల మధ్య కెమెరా: మావయ్య మచ్చకీ నా మచ్చకీ మధ్య ఏం జరిగింది?

ఈ ఎపిసోడ్ కొంచెం పర్సనల్‌గా మొదలుపెడతాను.

మా మావయ్యకి ఎడమ వైపు పెద్ద మచ్చ ఉంది. వీపు మీద రెక్క ఎముక కింద మొదలై, చంక కింద నుంచి చుట్టు తిరిగి, ఛాతీ ముందుకి వచ్చేస్తుంది. 1994లో ఆయన ఊపిరితిత్తిలో పాడైపోయిన ఒక భాగం తీసేశారు. ఆపరేషన్ సక్సెస్, మనిషి ఈరోజుకీ బాగున్నాడు. కానీ ఎడమ వైపు తిరిగి పడుకోలేడు. ముసురు పట్టిందంటే ఆ పక్కంతా మంట.

నా కథ 2017లో. బీటెక్ థర్డ్ ఇయర్. హాస్టల్లో కూర్చుని పక్కవాడి అసైన్‌మెంట్ చూసి రాసుకుంటున్నా. ఉన్నట్టుండి కుడి వైపు ఎవరో పొడిచినట్టు నొప్పి, ఊపిరి అందట్లేదు. సన్నగా, పొడుగ్గా ఉండే కుర్రాళ్లకి ఇది వస్తుంటుందట. ఊపిరితిత్తి పై అంచున చిన్న బుడగ లాంటిది పగిలి, గాలి బయటికి లీకై, ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది. న్యూమోథొరాక్స్ అంటారు. ట్యూబ్ వేసి గాలి తీశారు. నాలుగు నెలలకి మళ్లీ వచ్చింది. ఇక ఆపరేషన్ తప్పదన్నారు. మూడు చిన్న రంధ్రాలు, నాలుగో రోజు ఇంటికి పంపేశారు.

మావయ్య చూడ్డానికొచ్చి, నా టీషర్ట్ పైకెత్తి చూసి, "ఇంతేనా? మరి నన్నేంట్రా కొబ్బరికాయ కొట్టినట్టు కొట్టారు?" అన్నాడు.

నిజానికి ఆయనది పెద్ద ఆపరేషన్, నాది చిన్నది. పోల్చకూడదు. కానీ ఆయనకి చేసిన లాంటి ఆపరేషన్, అంటే ఊపిరితిత్తిలో ఒక పూర్తి భాగం తీసేయడం, దాన్నే లోబెక్టమీ అంటారు, అది కూడా ఇప్పుడు చాలామందికి ఇలాంటి రంధ్రాల్లోంచే చేస్తున్నారు. అందుకే ఆయన ప్రశ్న నాకు అలా ఉండిపోయింది. ఈ మధ్యలో ఏం మారింది? వెతుక్కుంటూ వెళ్తే 1910లో తేలాను. అంటే మావయ్య పుట్టక చాలా ముందే రంధ్రంలోంచి ఛాతీలోకి చూడటం మనుషులకి వచ్చు! మరి మధ్యలో ఎనభై ఏళ్లు ఏమైంది?

ముందు ఒక చిన్న ఫిజిక్స్ ముక్క. ఊపిరితిత్తి తనంతట తాను ఉబ్బి ఉండదు. దాని చుట్టూ, పక్కటెముకల గోడకీ దానికీ మధ్య, బయటి గాలి కన్నా తక్కువ ఒత్తిడి ఉంటుంది. ఆ లాగుడు వల్లే అది సాగి ఉంటుంది. ఛాతీకి చిల్లు పడి బయటి గాలి లోపలికి దూరితే బెలూన్‌లా ముడుచుకుపోతుంది. అందుకే పాత రోజుల్లో పొట్ట కోయడానికి ధైర్యం చేసిన డాక్టర్లు కూడా ఛాతీ జోలికి వెళ్లేవాళ్లు కాదు. 1904లో సావర్‌బ్రూక్ అనే జర్మన్ సర్జన్ దీనికి ఒక విచిత్రమైన పరిష్కారం కనిపెట్టాడు. పేషెంట్ ఒంటినీ, సర్జన్లనీ కలిపి గాలి ఒత్తిడి తగ్గించిన ఒక గదిలో పెట్టేశాడు. పేషెంట్ తల మాత్రం గది బయట! ఆ తర్వాత గొంతులోకి ట్యూబ్ వేసి గాలి పంపించే పద్ధతి వచ్చింది, ఆ గది అవసరం పోయింది.

ఇప్పుడు 1910. స్టాక్‌హోమ్‌లో హాన్స్ క్రిస్టియన్ యాకోబేయస్ అని ఒక డాక్టర్. ఈయన సర్జన్ కూడా కాదు, మందులిచ్చే ఫిజీషియన్. ఆ కాలంలో మూత్రాశయం లోపలికి చూడటానికి సిస్టోస్కోప్ అనే సన్నటి గొట్టం ఉండేది. చివర బుల్లి బల్బు, లోపల కటకాలు. ఈయన దాన్ని తీసుకెళ్లి పొట్టలోకీ, ఛాతీలోకీ పెట్టి చూసి, పేపర్ రాశాడు. వేరే పనికి తయారైన పనిముట్టుని ఇక్కడ వాడేశాడు. మన భాషలో పక్కా హ్యాక్.

దీన్ని నిజంగా పనికొచ్చేలా చేసింది మాత్రం టీబీ. అప్పట్లో క్షయకి మందు లేదు. ఇటలీలో ఫోర్లనీని అనే డాక్టర్ ఒక ఐడియా తెచ్చాడు. జబ్బు పడిన ఊపిరితిత్తి చుట్టూ సూదితో గాలి ఎక్కించి, కావాలనే దాన్ని ముడుచుకునేలా చేస్తే, విశ్రాంతి దొరికి పుండు మానుతుంది అని. అంటే నాకు హాస్టల్లో యాక్సిడెంట్‌గా వచ్చింది చూశారా, దాన్నే అప్పుడు వైద్యంగా ఇచ్చేవాళ్లు! చిక్కేంటంటే, టీబీ వచ్చిన ఊపిరితిత్తి చాలామందిలో ఛాతీ గోడకి తీగల్లా అతుక్కుపోతుంది. ఎంత గాలి ఎక్కించినా పూర్తిగా ముడుచుకోదు. అప్పుడు యాకోబేయస్ రెండు రంధ్రాలు పెట్టాడు. ఒకదాంట్లోంచి చూడటం, రెండోదాంట్లోంచి కరెంటుతో వేడెక్కే వైరు పంపించి ఆ అతుకుల్ని కోసేయడం. పేషెంట్ మెలకువగానే ఉండేవాడు, చర్మం దగ్గర మత్తు మందు అంతే.

ఇది మనకి దూరపు కథేం కాదు. 1915లో మదనపల్లి దగ్గర ఆరోగ్యవరంలో టీబీ శానటోరియం మొదలైంది. డెన్మార్క్ నుంచి వచ్చిన క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ అనే డాక్టర్ దాన్ని నడిపించారు. మదనపల్లి అనగానే మనకి 'జనగణమన', ఠాగూర్ గుర్తొస్తారు, ఇప్పుడైతే టమాటా మార్కెట్. కానీ ఒకప్పుడు దక్షిణాది నలుమూలల నుంచీ క్షయ రోగులు ఆ గాలి కోసం, ఆ మంచాల కోసం వెళ్లేవాళ్లు. ఊపిరితిత్తికి గాలి పెట్టే వైద్యం అక్కడ కూడా చేశారు. ఒకసారి పెడితే అయిపోదు, ఆ గాలి ఒంట్లోకి ఇంకిపోతూ ఉంటుంది, మళ్లీ మళ్లీ వెళ్లి పెట్టించుకోవాలి.

తర్వాత 1940లలో స్ట్రెప్టోమైసిన్ వచ్చింది, 1952లో ఐసోనియాజిడ్. 1956లో మద్రాసులో ఒక పెద్ద పరీక్ష మొదలుపెట్టారు. కొంతమంది టీబీ రోగుల్ని శానటోరియంలో ఉంచి, మిగతావాళ్లకి ఇరుకు ఇళ్లల్లోనే ఉంచి, అవే మందులిచ్చారు. ఇంట్లో ఉన్నవాళ్లకీ అంతే బాగా తగ్గింది. దాంతో ప్రపంచమంతా శానటోరియం అన్న ఆలోచనే కూలిపోయింది. వాటితోపాటే యాకోబేయస్ ఆపరేషన్ కూడా పోయింది. ఐడియా తప్పని తేలి కాదు, అది తీర్చే సమస్య మాయమైపోయింది. యూరప్‌లో కొంతమంది మాత్రం నీరు చేరినప్పుడు చూడటానికీ, చిన్న ముక్క తీసి పరీక్షకి పంపడానికీ వాడుతూ దాన్ని బతికించారు.

ఈలోపు సర్జన్లు వేరే రూట్లో వెళ్లారు: పెద్ద కోత. 1933లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఎవార్ట్స్ గ్రాహమ్ క్యాన్సర్ వచ్చిన ఒక ఊపిరితిత్తిని మొత్తంగా తీసేశాడు. ఆ పేషెంట్ కూడా డాక్టరే. ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. గ్రాహమ్ బాగా సిగరెట్లు కాల్చేవాడు. 1950లో సిగరెట్‌కీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కీ లింకు చూపించిన ప్రసిద్ధమైన పేపర్లలో ఒకటి రాసింది ఎర్న్స్ట్ విండర్, ఈ గ్రాహమే. ఆ తర్వాత 1957లో అదే క్యాన్సర్‌తో ఆయనే పోయాడు. ఆయన ఆపరేషన్ చేసిన పేషెంట్ ఆయన కంటే ఎక్కువ కాలం బతికాడు.

పెద్ద కోత ఎందుకు అంత నొప్పి? చర్మం కోసినందుకు కాదు. పక్కటెముకల్ని కారు జాకీ లాంటి ఒక పరికరంతో ఎడం చేస్తారు. అర్జెంటీనా సర్జన్ ఫినోచియెటో 1936లో చేసిన మోడల్ ఇప్పటికీ వాడుకలో ఉంది. మరను తిప్పుతూ పోతే రెండు ఎముకల మధ్య చెయ్యి పట్టేంత ఖాళీ వస్తుంది. ప్రతి ఎముక కింది అంచునా ఒక నరం ఉంటుంది. అది నలిగిపోతుంది. మావయ్య ముసురు మంట అక్కడిది. ఇక్కడ నాకు అర్థమైన విషయం ఏంటంటే, ఆ కోత ఊపిరితిత్తి కోసం కాదు. డాక్టర్ కళ్ల కోసం, డాక్టర్ చేతుల కోసం. కళ్లనీ చేతుల్నీ వేరే దారిలో లోపలికి పంపగలిగితే ఆ ఖాళీ అక్కర్లేదు.

అలా పంపడానికి ఏం కావాలి? నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాణ్ణి కాబట్టి నాకు ఇది డిపెండెన్సీల గొడవలా కనిపిస్తుంది. 1910లో కోడ్ ఉంది, దానికి కావాల్సిన లైబ్రరీలు ఇంకా ఎవరూ రాయలేదు.

మొదటిది వెలుగు. 1954లో లండన్‌లో హెరాల్డ్ హాప్కిన్స్, పంజాబ్‌లోని మోగాలో పుట్టిన మన నరీందర్ సింగ్ కపానీ కలిసి, గాజు పోగుల కట్టలోంచి బొమ్మని పంపొచ్చని చూపించారు. ఇది ముదిరాక, వేడి బల్బుని బయట పెట్టి వెలుగుని మాత్రం లోపలికి పంపే వీలు వచ్చింది. రెండోది కటకాలు. పాత గొట్టాల్లో ఎక్కువ భాగం గాలి, మధ్యమధ్యలో చిన్న గాజు కటకాలు. అదే హాప్కిన్స్ దాన్ని తిరగేశాడు: గొట్టం నిండా గాజు కడ్డీలు పెట్టి, వాటి మధ్య చిన్న గాలి ఖాళీల్నే కటకాల్లా వాడాడు. బొమ్మ ఒక్కసారిగా ప్రకాశవంతమైపోయింది. 1960లలో కార్ల్ స్టోర్జ్ కంపెనీ దాన్ని మార్కెట్లోకి తెచ్చింది.

మూడోది నాకు బాగా ఇష్టమైనది. ఛాతీలో పనిచేయాలంటే ఊపిరితిత్తి కదలకుండా ఉండాలి, పేషెంట్ మాత్రం ఊపిరి తీసుకుంటూ ఉండాలి. ఎలా? 1949లో స్వీడన్‌లోనే ఎరిక్ కార్లెన్స్ అనే డాక్టర్ రెండు దారులున్న ట్యూబ్ తయారుచేశాడు. ఒక దారి కుడి ఊపిరితిత్తికి, ఇంకోటి ఎడమ దానికి. ఆయన చేసింది ఆపరేషన్ కోసం కాదు, ఒక్కో ఊపిరితిత్తి ఎంత పనిచేస్తోందో విడివిడిగా కొలవడానికి. కానీ దాంతో ఒక వైపు గాలి ఆపేసి, రెండో వైపుతోనే మనిషిని నడిపించొచ్చు. అంటే ఏ ముడుచుకుపోవడానికి భయపడి సావర్‌బ్రూక్ గదులు కట్టాడో, అదే ఇప్పుడు సర్జన్‌కి పనిచేసుకునే చోటు అయింది. ఇంకో లాభం కూడా ఉంది. పొట్టలో అయితే గ్యాస్ ఎక్కించి డేరాలా లేపాలి. ఛాతీకి పక్కటెముకలే డేరా గుంజలు. ఊపిరితిత్తి తగ్గితే చాలు, చోటు దానంతటదే ఉంటుంది.

నాలుగోది కెమెరా. అప్పటిదాకా సర్జన్ గొట్టానికి కన్ను ఆనించి చూడాలి. ఆయనకి తప్ప ఇంకెవరికీ ఏమీ కనబడదు, అసిస్టెంట్ గుడ్డిగా పట్టుకుని నిలబడాలి. 1969లో బెల్ ల్యాబ్స్‌లో బాయిల్, స్మిత్ సీసీడీ అనే చిప్ ఆలోచన చేశారు. డిజిటల్ కెమెరాల మొదటి తరం అంతా దాని మీదే నడిచింది. 1980లలో ఆ చిప్ కెమెరా గొట్టం వెనక బిగించేంత చిన్నదైంది. బొమ్మ టీవీ మీదకొచ్చింది. గదిలో అందరూ ఒకే బొమ్మ చూస్తున్నారు, కెమెరా అసిస్టెంట్ పట్టుకుంటాడు, సర్జన్ రెండు చేతులూ ఖాళీ. మీ జేబులో ఫోన్ కెమెరాకి ఇది తాత లాంటిది. 2009 ఫిజిక్స్ నోబెల్ బాయిల్, స్మిత్‌లకీ, ఫైబర్ ఆప్టిక్స్ మీద పనిచేసిన చార్లెస్ కావోకీ కలిపి ఇచ్చారు. కపానీకి రాలేదు. ఆ విషయంలో నాకు ఇప్పటికీ కొంచెం కడుపుమంటే.

ఇక చివరిది స్టేప్లర్. నవ్వకండి, నిజంగా స్టేప్లరే. ఊపిరితిత్తి ముక్క కోస్తే గాలి లీకవుతుంది, రక్తం కారుతుంది. చేత్తో కుట్లు వేయాలంటే మళ్లీ చెయ్యి లోపలికి వెళ్లాలి. 1908లో బుడాపెస్ట్‌లో హుల్ట్ల్ అనే సర్జన్ పొట్ట ఆపరేషన్ల కోసం ఒక స్టేప్లర్ చేయించాడు, మూడున్నర కిలోల పైనే బరువు! తర్వాత దాన్ని నిజంగా ముందుకు తీసుకెళ్లింది సోవియట్ వాళ్లు. 1958లో మార్క్ రావిచ్ అనే అమెరికన్ సర్జన్ అక్కడికి వెళ్లినప్పుడు, కీవ్‌లో ఊపిరితిత్తి ఆపరేషన్‌లో దాన్ని వాడటం చూసి ఆశ్చర్యపోయాడు. ఒకటి కొని ఇంటికి తీసుకెళ్లాడు. కోల్డ్ వార్ మధ్యలో! అక్కడి నుంచి అమెరికాలో స్టేప్లర్లు మారుతూ మారుతూ, 1990 ప్రాంతానికి సన్నటి గొట్టంలోంచి దూరే సైజుకి వచ్చాయి. పట్టుకుని నొక్కితే రెండు వైపులా పిన్నుల వరసలు పడతాయి, మధ్యలో కత్తి నడుస్తుంది. నా ఊపిరితిత్తి పై అంచున ఆ టైటానియం పిన్నులు ఇప్పటికీ ఉన్నాయి. ఎక్స్‌రే తీస్తే సన్నని గొలుసులా కనబడతాయి.

అన్నీ ఒక చోటికి చేరాక చూడండి ఎంత స్పీడో. 1985లో జర్మనీలో ఎరిక్ మ్యూహే, 1987లో ఫ్రాన్స్‌లో ఫిలిప్ మూరే రంధ్రాల్లోంచి గాల్‌బ్లాడర్ తీసేశారు. నాలుగేళ్లు తిరగ్గానే, 1991లో మిలాన్‌లో రోవియారో ఊపిరితిత్తి లోబ్‌ని వీడియో చూస్తూ తీశాడు. ఈ పద్ధతి పేరే వ్యాట్స్, అంటే వీడియో సాయంతో ఛాతీ సర్జరీ.

మరి 1994లో మావయ్యకి ఎందుకు చేయలేదు? అప్పటికి ఆ పద్ధతి వయసు మూడేళ్లు. ప్రపంచంలో చాలామంది పెద్ద సర్జన్లే దాన్ని నమ్మలేదు. వాళ్లని పాతకాలం మనుషులని కొట్టిపారేయడం ఈజీ, కానీ వాళ్ల భయంలో న్యాయం ఉంది. ఊపిరితిత్తులకి వెళ్లే రక్తనాళంలోంచి గుండె పంపే రక్తం మొత్తం వెళ్తుంది, దాని గోడ చాలా పలచన. అది చిరిగితే టీవీ స్క్రీన్ క్షణంలో ఎర్రగా అయిపోతుంది. ఛాతీ తెరిచి ఉంటే వేలు పెట్టి నొక్కొచ్చు. రంధ్రంలోంచి ఏం నొక్కుతావు? పైగా క్యాన్సర్ మొత్తం తీశారని గ్యారంటీ ఏంటి?

దీనికి జవాబు మాటలతో రాలేదు, లెక్కలతో వచ్చింది. 2006లో లాస్ ఏంజలెస్‌లో రాబర్ట్ మెకెన్నా బృందం 1,100 వ్యాట్స్ లోబెక్టమీల ఫలితాలు బయటపెట్టింది. 100కి 2.5 మందికి మాత్రమే మధ్యలో ఛాతీ తెరవాల్సి వచ్చింది, చనిపోయింది 100కి ఒకరి కన్నా తక్కువ. 2010లో స్పెయిన్‌లో డియేగో గొంజాలెజ్ రివాస్ ఒక్కటే రంధ్రంలోంచి లోబ్ తీశాడు. ఆ వీడియోలు ఆన్‌లైన్‌లో ఉంటాయి, అన్నం తినేటప్పుడు మాత్రం చూడకండి.

నన్ను ఇబ్బంది పెట్టిన విషయం ఒకటి చెప్పాలి. పేషెంట్లని లాటరీ తీసినట్టు రెండు గుంపులుగా విడదీసి, నిజంగా నొప్పి తగ్గుతోందా అని గట్టిగా తేల్చిన పెద్ద పరీక్షలు ఎప్పుడొచ్చాయో తెలుసా? డెన్మార్క్‌లో 200 మందికి పైగా పేషెంట్లతో చేసినది 2016లో, బ్రిటన్‌లో 9 ఆసుపత్రుల్లో 503 మందితో చేసినది 2022లో. రెండింట్లోనూ వ్యాట్స్ వాళ్లకే నొప్పి తక్కువ. బ్రిటన్ పరీక్షలో ఐదో వారానికి వాళ్లే ఎక్కువగా తమ పనులు తాము చేసుకోగలుగుతున్నారు. మంచిదే. కానీ పద్ధతి మొదలై పాతికేళ్లు దాటాక! నాకు 2017లో ఆపరేషన్ చేసేటప్పటికి ఆ రెండో పరీక్ష ఇంకా నడుస్తూనే ఉంది.

రోబో గురించి అడుగుతారని తెలుసు. డా విన్సీ అనే రోబోకి అమెరికాలో 2000లో అనుమతి వచ్చింది. ఇది 'రోబో' సినిమా చిట్టి కాదండి, సొంతంగా ఒక్క కుట్టు కూడా వేయదు. సర్జన్ అదే గదిలో కన్సోల్ ముందు కూర్చుని చేతులు కదిపితే, లోపల చిన్న మణికట్లు అలాగే తిరుగుతాయి, వణుకుని అది ఫిల్టర్ చేస్తుంది, బొమ్మ త్రీడీలో కనబడుతుంది. ఇరుకు చోట్ల, ఛాతీ మధ్య భాగంలోని గడ్డల దగ్గర ఇది నిజంగా సుఖమే. కానీ పెద్ద కోత నుంచి వ్యాట్స్‌కి పేషెంట్ దూకిన దూరం పెద్దది, వ్యాట్స్ నుంచి రోబోకి దూకేది చాలా చిన్నది. మెషీన్ రేటు మాత్రం కోట్లలో. ఆసుపత్రి హోర్డింగ్ మీద రోబో బొమ్మ పెద్దగా ఉందని పరిగెత్తకుండా, ఆ సర్జన్ ఇలాంటివి ఎన్ని చేశారో అడగండి. ఇది నా అభిప్రాయం.

ఇంకో విషయం. మన దగ్గర టీబీ ఇంకా పోలేదు. టీబీ వల్లో, ముదిరిన చీము వల్లో ఊపిరితిత్తి గోడకి గట్టిగా అతుక్కుపోయి ఉంటే కెమెరా దూరడానికే చోటుండదు. ఆ అతుకులే కదా యాకోబేయస్ వేడి వైరుతో కోసింది. వందేళ్ల తర్వాత కూడా సర్జన్‌ని రంధ్రం నుంచి పెద్ద కోతకి తరిమేది చాలాసార్లు అవే. తొందరగా వచ్చిన చీముని వ్యాట్స్‌తో శుభ్రం చేసేస్తారు. నెలల తరబడి దగ్గు మందులు మింగి ఆలస్యంగా వచ్చినవాళ్లకి ఈరోజుకీ మావయ్య కోతే. ఆయన కేసు ఇవాళ వచ్చినా అదే చేసేవాళ్లేమో. ఈ మాట ఆయనతో అన్నాను. "అయితే నన్ను మోసం చేయలేదన్నమాట" అని నవ్వాడు.

నా ఆపరేషన్ రోజు పొద్దున నాన్న ఇంకా రైల్లో ఉన్నాడు. సంతకం మావయ్య పెట్టాలి. ఆ కాగితంలో ఒక లైను ఉంటుంది, వ్యాట్స్‌కి వెళ్లే ప్రతివాడి కాగితంలోనూ ఉంటుంది: అవసరమైతే ఛాతీ తెరిచి ఆపరేషన్ పూర్తి చేయడానికి ఒప్పుకుంటున్నాను అని. మావయ్య ఆ లైను రెండుసార్లు చదివాడు. ఎడమ చేత్తో తన పక్కని ఒకసారి తడుముకున్నాడు. "దీని గురించి మీ అమ్మకి చెప్పకు" అని, సంతకం పెట్టేశాడు.